సాగరం కోసే ఒడ్డున శాశ్వత భవనమా?
కోనసీమలో సందర్శకుల కేంద్రానికి స్థలం వెదికేముందు చూడవలసిన లెక్కలు

అమలాపురం: నరసాపురం వైపు నుంచి పంటు మీద సఖినేటిపల్లి రేవు దాటి వచ్చినా, రాజోలు మీదుగా బస్సులో వచ్చినా అంతర్వేది చేరిన యాత్రికుడు చేసే పని దాదాపు ఒక్కటే. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుంటాడు. లైట్‌హౌస్ చూస్తాడు. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లి, కాళ్లు తడుపుకుని, కొబ్బరి బొండం తాగి తిరుగుముఖం పడతాడు. రెండు మూడు గంటల్లో ముగిసే ఈ యాత్రలో ఆ నేల ఎలా పుట్టిందో, ఎందుకు తరిగిపోతోందో చెప్పేవారు తారసపడరు. ఎండవేళ తలదాచుకునే నీడ, శుభ్రమైన మరుగుదొడ్డి దొరికితే అదే పదివేలు.

ఈ వెలితి తీర్చడానికి పర్యాటకుల కోసం ఓ కేంద్రం కట్టాలన్న ఆలోచన సబబైనదే. అయితే ఆ మాట వచ్చినప్పుడల్లా చూపులన్నీ నేరుగా బీచ్ మీదికే వెళ్లడం చిక్కు తెచ్చిపెడుతోంది. కెరటాలకు ఎదురుగా ఓ మేడ, ముందు సిమెంటు గొడుగులు, రంగుల తోరణం, పేరు రాసిన పెద్ద అక్షరాలు. పర్యాటకాభివృద్ధి అంటే ఇంతేనన్న భావన అధికారుల్లోనూ, ప్రజాప్రతినిధుల్లోనూ, చెప్పాలంటే జనంలోనూ పాతుకుపోయింది. కోనసీమ తీరం మాత్రం ఇలాంటి కట్టడాలను మోసే నేల కాదు.

కేంద్ర ప్రభుత్వం స్వదేశ్ దర్శన్ పథకం కింద 2014-15లో కాకినాడ, హోప్ ఐలాండ్, కోనసీమ ప్రాంతాలను కలిపి తీర పర్యాటక సర్క్యూట్‌గా మంజూరు చేసింది. విలువ దాదాపు రూ.68 కోట్లు. కోరింగ అభయారణ్యంతోపాటు పాశర్లపూడి, ఆదుర్రు, ఎస్.యానాం, కోటిపల్లి పేర్లు అందులో చేరాయి. ఒక బౌద్ధ స్తూపం, ఒక సముద్ర తీరం, ఒక శైవ క్షేత్రం, ఒక మడ అడవి ఒకే జాబితాలోకి రావడం మామూలు విషయం కాదు. ఇవన్నీ గోదావరి పోసిన ఒకే ఒండ్రు మీద నిలిచిన చోట్లు. కానీ పథకాల లెక్కల్లో అవి విడివిడి పనులుగా, విడివిడి టెండర్లుగా చీలిపోతాయి. ఆదుర్రు చూసిన వ్యక్తికి ఎస్.యానాం ఎందుకు చూడాలో చెప్పే దారం లేకుండా పూసలు మాత్రం మిగులుతాయి. సందర్శకుల కేంద్రం కావాల్సింది ఆ దారం కోసమే.

ఒండ్రు తగ్గింది.. ఒడ్డు జరిగింది

స్థలం విషయానికి ముందు తీరం సంగతి తెలుసుకోవాలి. కోనసీమ అంతా నది తెచ్చి పోసిన మట్టే. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయలు వేల ఏళ్లుగా మోసుకొచ్చిన ఒండ్రు, ఇసుకలతో సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ ఈ దీవి పెరిగింది. అలలు ఎప్పుడూ కోస్తూనే ఉంటాయి, నది ఎప్పుడూ పూడుస్తూనే ఉంటుంది. ఈ రెండింటి బేరం సరిపోయినంత కాలం ఒడ్డు నిలుస్తుంది. నది వైపు సరుకు తగ్గితే సముద్రానిది పైచేయి అవుతుంది.

సరిగ్గా ఇదే జరిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యుడు కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం గోదావరి 1970 దశకంలో ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000-2006 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. ఎగువన కట్టిన జలాశయాలు నీటితోపాటు మట్టినీ ఆపేశాయి. ఫలితంగా 1965 నుంచి 43 ఏళ్లలో కృష్ణా, గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరం వెంబడి నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రం పాలైంది. ఏటా దాదాపు 440 ఎకరాలన్న మాట. ఇందులో తీరం అంతటా ఒకే తీరు లేదు. ఒకచోట మేట వేస్తే మరోచోట కోస్తుంది. అంతర్వేది పల్లిపాలెంలో, ఓడలరేవు పరిసరాల్లో మత్స్యకారులు తమ కళ్లముందే ఒడ్డు ఇళ్ల వైపు జరగడం చూశారు. పెద్ద పోటు వచ్చిన రోజుల్లో నీరు పల్లిపాలెం వీధుల్లోకి చొరబడుతుంది.

సముద్రం జరిగినప్పుడు మత్స్యకారుడు వలలూ గుడిసే వెనక్కి జరుపుకుంటాడు. కోట్లు పోసి కట్టిన కాంక్రీటు భవనం జరగలేదు. దాన్ని కాపాడటానికి ముందు రాళ్లు పోస్తారు. ఆ రాళ్ల దగ్గర ఆగిన కోత పక్కనున్న పల్లె మీద పడుతుంది. అందుకే బీచ్ భవనం ఖర్చు కాంట్రాక్టరు బిల్లుతో తీరిపోదు. పక్క ఊరి వారు ఏళ్ల తరబడి కడుతూనే ఉండాలి.

అడ్డంకి అనుకునే నిబంధనలు

తీర ప్రాంత నియంత్రణ నిబంధనలను పర్యాటక శాఖలు సాధారణంగా తలనొప్పిగానే చూస్తాయి. 2011 ప్రకటన ప్రకారం గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు వీలు లేదు. జనసాంద్రత బాగా ఎక్కువగా ఉన్న గ్రామాలకు ఈ దూరాన్ని 50 మీటర్లకు కుదించే వెసులుబాటును 2019 ప్రకటన తెచ్చింది. దుస్తులు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు, తాగునీటి వసతి వంటి తాత్కాలిక సదుపాయాలకు షరతులతో అవకాశం ఇచ్చింది. అంటే బీచ్‌లో ఉండవలసినవి ఏమిటో చట్టమే చెప్పినట్టు. కూలిపోయినా ఎవరికీ నష్టం లేనివి, విప్పి తీసుకుపోగలిగినవి మాత్రమే అక్కడ ఉండాలి. ఈ ఒక్క విషయంలో నిబంధన రాసినవారికీ పల్లిపాలెం మత్స్యకారుడికీ ఒకే తెలివి ఉంది.

ఆదుర్రుది మరో రకం చిక్కు. మామిడికుదురు మండలంలో వైనతేయ పాయకు చేరువలో ఉన్న ఈ బౌద్ధ స్తూపాన్ని ఊరివారు దుబారాజు గుడి అని పిలుచుకుంటారు. అశోకుడి కుమార్తె సంఘమిత్ర సింహళం వెళ్తూ దీనికి పునాది వేసిందని చెప్పుకుంటారు. ఆ మాటకు ఆధారాలు వెదకడం చరిత్రకారుల పని. సముద్ర వర్తకం చేసిన ఓ నది పాయ ఒడ్డున, కొబ్బరి తోటల నడుమ చక్రాకారపు ఇటుక పునాదులు కనిపించడమే సందర్శకుడికి చాలినంత ఆశ్చర్యం. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. 2010లో సవరించిన ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత ప్రాంతపు హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే ఏదైనా కట్టాలి. కనుక స్తూపం పక్కనే ఓ హాలు కట్టి బుద్ధ విగ్రహం పెడతామనే ప్రతిపాదనలు ఎంత సదుద్దేశంతో వచ్చినా నిలవవు. నిలవకూడదు కూడా. అక్కడి ఇటుకల నిశ్శబ్దం కన్నా ఆ హాలు గొప్పది కాబోదు.

ఈ రెండు చట్టాల గీతలూ పటం మీద గీసి, వాటికి ఏటిగట్ల బయట మునిగే లంకలను కూడా కలిపితే కేంద్రానికి పనికిరాని భూమి ఏదో ముందే తేలిపోతుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఆ రోజుల్లో లంక గ్రామాలకు పడవే దిక్కయింది. నది అందంగా కనిపిస్తుందని గట్టు బయట కట్టే భవనానికి ఎప్పుడో ఓ ఏడాది అదే గతి.

మిగిలిన నేలలో ఎక్కడ?

గట్టు లోపల, సముద్రానికి దూరంగా, జనం ఎలాగూ వచ్చే దారిలో ఉన్న చోట్లు కోనసీమలో తక్కువేమీ కాదు. వాటిలో పి.గన్నవరం ముందువరసలో నిలుస్తుంది. అక్కడ వైనతేయ మీదుగా పాత అక్విడక్టు ఉంది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించిన కాలంలోనే, 1850ల తొలి సంవత్సరాల్లో, హేగ్ అనే ఇంజినీరు ఆధ్వర్యంలో 49 కమానులతో దీన్ని కట్టారు. నది మీదుగా కాలువను నడిపించి అవతలి నగరం దీవికి, అంటే నేటి రాజోలు ప్రాంతానికి నీరు అందించిన కట్టడం ఇది. 2000లో పక్కన కొత్తది వచ్చాక పాతదానికి కాలువ మోసే భారం తప్పింది. కొత్త అక్విడక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

కోనసీమను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి గుమ్మం దొరకడం కష్టం. కింద నది, పైన కాలువ, ఇవతల ఒక దీవి, అవతల మరో దీవి. వైనతేయ పాయ వశిష్ఠ నుంచి చీలేది ఈ పరిసరాల్లోనే. ఇక్కడ ఓ గంట నిలబడిన వ్యక్తికి కాలువ నీటికీ వరికీ, వరికీ అగ్రహారాలకూ, ఇసుక దిబ్బలకూ కొబ్బరికీ ఉన్న సంబంధం చెబితే తలకెక్కుతుంది. ఆ తర్వాత అతడు అంతర్వేది వెళ్లినా, ఆదుర్రు వెళ్లినా, పూతరేకులు కొనడానికి ఆత్రేయపురం వెళ్లినా చూసే చూపు వేరుగా ఉంటుంది. కొత్తపేట, అమలాపురం, రాజోలు మూడు వైపుల నుంచీ రావడానికి వీలైన చోటు అన్న మాట అటుంచితే, బీచ్‌కు దూరమన్న ఒక్క కారణంతో దీన్ని పక్కనపెట్టేవారు ఉంటారు.

వారి వాదనలో పస లేకపోలేదు. పర్యాటకుడు సముద్రం కోసం వస్తాడు, గన్నవరంలో బండి ఆపుతాడా? దీనికి ఇతర దేశాల అనుభవం కొంత సమాధానం చెబుతుంది. ఉత్తర ఐర్లండ్ తీరంలో జెయింట్స్ కాజ్‌వే అనే నల్లరాతి స్తంభాల వింత ఉంది. ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడి పాత సందర్శకుల కేంద్రం 2000లో అగ్నికి ఆహుతైంది. కొత్తది 2012లో తెరిచారు. ఆ రాళ్లకు దాదాపు కిలోమీటరు ఇవతల, నేలలోకి సగం దిగినట్టు, పైకప్పు మీద గడ్డి పెంచి, ఆ ప్రాంతపు నల్లరాయితోనే కట్టారు. దూరం నుంచి చూస్తే భవనం ఉన్నట్టే తెలియదు. అక్కడి నుంచి జనం నడిచో, చిన్న బస్సులోనో ఒడ్డుకు వెళతారు. సముద్రానికి ఎదురుగా లేదని ఎవరూ రావడం మానలేదు.

మండువా లోగిలి ముందే చెప్పిన పాఠం

కట్టే పద్ధతి కోసం అంత దూరం పోనక్కరలేదు. కోనసీమ పాత ఇళ్లలో సగం సమాధానం ఉంది. వరద, వాన, ఉక్కపోత మూడింటినీ దృష్టిలో పెట్టుకుని మన పెద్దలు కట్టుకున్నది మండువా లోగిలి. ఎత్తు అరుగు మీద ఇల్లు, చుట్టూ వసారా, నాలుగు వైపుల పెంకుల చూరు నుంచి జారిన వాన నడుమ మండువాలో పడటం, అక్కడి నుంచే గాలీ వెలుతురూ గదుల్లోకి రావడం దాని తీరు. పేరూరు అగ్రహారంలో, అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఇలాంటి లోగిళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. వాటిని నిలబెట్టుకునే స్తోమత లేక వారసులు కూల్చి స్లాబులు వేసుకుంటున్నారు. తాపీ పనివారు, వడ్రంగులు కూడా ఆ పని మరిచిపోతున్నారు. కొత్తగా ఒకటి కట్టడం కన్నా యజమానులు ఒప్పుకుంటే పాత లోగిలినే తీసుకుని బాగుచేసి కేంద్రంగా నడపడం చౌక, ఉచితం కూడా. ఆ పని నేర్చిన చేతులకు నాలుగు రోజుల కూలి దొరుకుతుంది.

కొత్తగా కట్టవలసి వస్తే మాత్రం కొన్ని పనులు కాగితం మీద గీసినంత సులువు కావు. కొబ్బరి దుంగ, తాటి దూలం, కొబ్బరి పీచు చాపలు కోనసీమలోనే దొరుకుతాయి. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ఎంత పేరున్నదో చెప్పనక్కరలేదు. అయితే చేవ తేరని కొబ్బరి కలపకు చెదలు, పురుగు త్వరగా పడతాయి. శుద్ధి చేయకుండా వాడితే కొన్నేళ్లకే మార్చాలి. ఉప్పుగాలికి ఇనుప రేకులూ బోల్టులూ తుప్పుపడతాయి. సౌర ఫలకాలు పెట్టాలన్నా తుపాను గాలికి ఎగిరిపోని బిగింపు కావాలి. తాటాకు కప్పు చూడముచ్చటగా ఉంటుంది గానీ నిప్పు భయం ఉంది. అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో షెడ్డులో ఉన్న టేకు రథం ఒక్క రాత్రిలో కాలి బూడిదైంది. 2021 ఫిబ్రవరి నాటికి కొత్త రథం సిద్ధమైంది కానీ తరాలు తాకిన ఆ చెక్క తిరిగి రాలేదు. వారసత్వ వస్తువులు ఉంచే చోట నీటి తొట్టె, నిప్పార్పే సాధనాలు, రాత్రి కాపలా ఉండి తీరాలని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

అన్నిటికన్నా కష్టమైనది, పథకాల్లో చివరన రాసేది మరుగుదొడ్డి. కోనసీమలో కొన్ని అడుగులు తవ్వితే నీరు పడుతుంది. గుంత తవ్వి వదిలేసే మరుగుదొడ్డి మలినాలు ఆ నీటిలోకే పోతాయి. ఆ నీటినే పక్కింటి చేతిపంపు పైకి తోడుతుంది. వందల మంది వచ్చే చోట ఇది ఊరికి చేసే అపకారం. నీరు దిగని గట్టి తొట్టె, దాని నుంచి వచ్చే నీటిని వడకట్టే మొక్కల మడి, తొట్టె నిండినప్పుడు తీసుకుపోయే ఏర్పాటు, ఇవి లేని కేంద్రాన్ని ప్రారంభించకపోవడమే మేలు. ఆంధ్రా కేరళ అని కోనసీమను మురిపెంగా పిలుచుకునేవారు, అలప్పుళ పడవ ఇళ్లు పెరిగి వేంబనాడ్ సరస్సులోకి చేరిన మురుగు సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి.

తాగునీటికి మాత్రం ఆకాశమే సాయపడుతుంది. తీర మండలాల్లో భూగర్భ జలం ఉప్పుబారింది. రొయ్యల చెరువులు విస్తరించిన చోట పరిస్థితి మరీ కష్టం. కానీ ఇక్కడ ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. 500 చదరపు మీటర్ల పెంకు కప్పు మీద వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే 5 లక్షల లీటర్లు. అందులో లక్ష లీటర్లు వృథా పోయాయనుకున్నా, రోజుకు 200 మందికి మనిషికి 5 లీటర్ల చొప్పున ఏడాది పొడవునా సరిపోతాయి. తొట్టెకు అయ్యే ఖర్చే పెద్దది. అది ప్లాస్టిక్ సీసాల కుప్పలను మోసే ఖర్చుతో పోల్చి చూడాలి.

తుపాను రోజున తాళం తెరిచేదెవరు?

తీర గ్రామాలకు ఇంతకన్నా దగ్గరి విషయం మరొకటి ఉంది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. బలుసుతిప్ప, భైరవపాలెం వంటి మత్స్యకార గ్రామాలు ఆ రాత్రిని మరిచిపోలేదు. కొబ్బరి తోటలు నేలకొరిగి రైతు కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. ముందస్తు హెచ్చరికలు, తరలింపులు ఈ మూడు దశాబ్దాల్లో ఎంతో మెరుగుపడ్డాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు నివారణ ప్రాజెక్టు కింద ఆంధ్ర, ఒడిశా తీరాల్లో బహుళ ప్రయోజన తుపాను షెల్టర్లు కట్టారు.

ఆ పేరులోని బహుళ ప్రయోజనం అన్న మాటను పట్టించుకోవాలి. ఏడాదిలో రెండు మూడు రోజులు తప్ప తెరవని భవనంలో మోటారు పనిచేయదు, కుళాయిలు మాయమవుతాయి, తలుపులు ఉబ్బిపోతాయి. గాలి మొదలయ్యాక తాళం చెవి ఎవరి దగ్గరుందో వెదుక్కోవలసి వస్తుంది. అదే భవనం కింది భాగం రోజూ సందర్శకులకు తెరిచి ఉంటే, రోజూ మరుగుదొడ్డి కడిగే మనిషి ఉంటే, రోజూ దీపం వెలిగితే తుపాను రోజున అన్నీ సిద్ధంగా ఉంటాయి. అంతర్వేది వంటి చోట పర్యాటకుల కోసం విడిగా మేడ కట్టేకంటే, పల్లెకు నడక దూరంలో, సరుగుడు తోటల వెనుక, స్తంభాల మీద ఎత్తుగా నిలిచే షెల్టరుకే ఓ మూల సందర్శకుల గదిని కలపడం రెండు అవసరాలూ తీరుస్తుంది. పర్యాటక శాఖ నిధులు, విపత్తు నిర్వహణ నిధులు వేర్వేరు ఖాతాల్లోవి. వాటిని ఒకే గోడకు ఖర్చు చేయడానికి మన దస్త్రాలు ఒప్పుకోవు. కలెక్టరు స్థాయిలో పట్టుబడితే తప్ప ఈ పని కాదు. 2022 ఏప్రిల్‌లో అమలాపురం కేంద్రంగా జిల్లా ఏర్పడ్డాక కాకినాడ దాకా పోయే అవసరం లేకపోవడం ఒక సౌలభ్యం.

మరో లెక్క జన ప్రవాహానిది. అంతర్వేదిలో మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణానికి, మరునాడు భీష్మ ఏకాదశి రథోత్సవానికి లక్షల్లో జనం వస్తారు. ఆ రోజును దృష్టిలో పెట్టుకుని భవనం కడితే మిగతా ఏడాదంతా అది వెలవెలపోతుంది. మామూలు మంగళవారాన్ని చూసి కడితే ఉత్సవం రోజున తొక్కిసలాట. దీనికి కూడా మనవాళ్లు ఏనాడో జవాబు కనుక్కున్నారు. చలువ పందిళ్లు వేస్తారు, పని తీరాక విప్పేస్తారు. కనుమ నాడు ఏకాదశ రుద్రుల ప్రభలు కొలువుదీరే జగ్గన్నతోటలో గుడి లేదు. ఉన్నది కొబ్బరి తోట. గంగలకుర్రు ప్రభలు కౌశిక దాటి, పచ్చని చేల మీదుగా నడిచి వస్తాయి. పైరు తొక్కుడు పడినా రైతు నొచ్చుకోడు. ఆ తీర్థాన్ని 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటంగా ఢిల్లీలో చూపించారు. ఒక్క శాశ్వత కట్టడం లేకుండా తరతరాలుగా నడుస్తున్న వేడుక అది. తోటకు పార్కింగ్ కోసం సిమెంటు పరిస్తే పోయేది ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

వెలుగు కూడా తగ్గించి చూసుకోవలసిందే. జనవరి నుంచి కోనసీమ ఒడ్డుకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పొదిగి బయటికి వచ్చిన పిల్లలు వెలుగున్న వైపు సముద్రం అనుకుని నడుస్తాయి. ఒడ్డున హైమాస్ట్ దీపాలు పెడితే అవి రోడ్డు ఎక్కి చస్తాయి. తాబేళ్లను చూపించడానికి కట్టిన కేంద్రమే వాటిని చంపినట్టవుతుంది.

నడిపించే చేతులు

కట్టడం ఒకెత్తు, నడపడం మరో ఎత్తు. ఈ విషయంలో పక్కనే ఓ నమూనా ఉంది. కాకినాడ దాపున కోరింగ అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల మేర విస్తరించింది. మడ చెట్ల నడుమ నడక వంతెన వేశారు, పడవ షికారు పెట్టారు, ఆ పనుల్లో చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాలకు కమిటీల ద్వారా భాగం కల్పించారు. చెట్టు నిలిస్తేనే కూలి నిలుస్తుందని తెలిసినవారు గొడ్డలి పట్టినవాడిని తామే ఆపుతారు. కేరళలోని కుమరకంలో 2008 ప్రాంతంలో మొదలైన బాధ్యతాయుత పర్యాటకంలో హోటళ్లకు కావలసిన కూరగాయలు స్థానిక మహిళా సంఘాలే అందించే ఏర్పాటు చేశారు. డ్వాక్రా సంఘాలు ఇంత బలంగా ఉన్న కోనసీమలో ఆ పని అంతకన్నా తేలిక. బండారులంక నేత, పీచు తాళ్లు, పూతరేకులు అమ్ముకోవడానికి అరుగు మీద చోటిస్తే కేంద్రం ఖర్చులో కొంత అక్కడే వస్తుంది.

సందర్శకులకు చెప్పే కథలో అందమైనది మాత్రమే ఉండాలా అన్నది తేల్చుకోవాలి. పాశర్లపూడిలో 1995 జనవరిలో బావి పేలి రెండు నెలలకు పైగా మండిన మంట, 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా మరణించిన దుర్ఘటన, 2011లో మురుగు కాల్వలు బాగుపడక, సాగు గిట్టుబాటు కాక రైతులు ప్రకటించిన పంట విరామం ఈ నేల చరిత్రలో భాగాలే. ఆదుర్రు స్తూపం నుంచి నగరం ఎంతో దూరం లేదు. స్తూపం గురించి చెప్పి పైపుల గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టే. పైగా ఏ స్థలం ఎంపిక చేసినా దాని కింద, పక్కన గ్యాస్ లైన్లు ఎక్కడున్నాయో పటం తెప్పించి చూడటం కోనసీమలో విధిగా చేయవలసిన పని.

ఇప్పటికే 216 జాతీయ రహదారి మీదుగా కార్ల రద్దీ పెరిగింది. కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం పూర్తయితే మూడు పాయల మీదుగా జనం ఇంకా సులువుగా వస్తారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చాక తీరం వెంట భూముల బేరాలు ఊపందుకోవడం సహజం. ఈలోగా చేయగలిగిన పని ఒకటి ఉంది. దానికి పెద్ద నిధులు అక్కరలేదు. అంతర్వేది, ఓడలరేవు, ఎస్.యానాం పల్లెల్లో వృద్ధ మత్స్యకారులను వెంటబెట్టుకుని, 1996 తుపానుకు ముందు ఒడ్డు ఎక్కడ ఉండేదో, నేడు ఎక్కడ ఉందో గుర్తించి, రెవెన్యూ సర్వేయరు చేత పటం మీద ఎక్కించడం. ఆ పటం పక్కన జలవనరుల శాఖ వరద గీతనూ, పురావస్తు శాఖ హద్దునూ పెట్టి చూశాకే స్థలం కోసం దస్త్రం కదలాలి. ఆ కొలత పనికి ఒక వేసవి చాలు.